హ్యాండిల్‌కి తగిలించిన హెల్మెట్

చి. స్రవంతికి,

పెదనాన్న ఆశీస్సులు. ఇక్కడ మేమంతా క్షేమం. మీ పెద్దమ్మ మోకాళ్ళ నొప్పులు ఎప్పటిలాగే ఉన్నాయి.

నువ్వు స్కూటీ అమ్మేసి సైకిల్ కొన్నావని, కొండాపూర్ నుంచి ఆఫీసుకి దాని మీదే వెళ్తున్నావని మొన్న మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. వాడి గొంతులో సగం గర్వం, సగం టెన్షన్. నాకు మాత్రం సంతోషమే వేసింది. లైన్‌మన్‌గా చేసిన ముప్ఫై నాలుగేళ్ళలో ఇరవై ఏళ్ళ పైన సైకిలే నా డ్యూటీ బండి. క్యారియర్ మీద పనిముట్ల సంచి, భుజాన తాడు, చేతిలో టార్చి. తెనాలి చుట్టుపక్కల కాలవగట్లన్నీ దాని మీదే తిరిగాను. కాబట్టి సైకిల్ మానేయమని చెప్పడానికి ఈ ఉత్తరం రాయడం లేదు, కంగారు పడకు.

నువ్వు ఫ్యామిలీ గ్రూపులో పెట్టిన ఫోటో గురించి రాస్తున్నాను. చెరువు పక్కన సైకిల్ పట్టుకుని నవ్వుతూ నిలబడ్డావు. ఆ ఫోటోని వేళ్ళతో పెద్దది చేసి చూశాను. నీలం రంగు హెల్మెట్ హ్యాండిల్‌కి వేలాడుతోంది. దిగాక తీసి తగిలించావేమోనని కాసేపు నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. తర్వాత మీ నాన్నని అడిగితే అసలు సంగతి తెలిసింది. "ట్రాఫిక్ ఉన్న చోట పెట్టుకుంటుందట అన్నయ్యా, జుట్టు పాడవుతుందని మిగతా చోట్ల పెట్టుకోదట" అన్నాడు.

హ్యాండిల్‌కి తగిలించిన హెల్మెట్‌ని నేను ఇంతకు ముందు ఒకసారి చూశాను. 1998 డిసెంబరు, కోతల కాలం. రాత్రి పదకొండింటికి ఒక ఊళ్ళో ట్రాన్స్‌ఫార్మర్ ఫ్యూజు పోతే నేనూ, మా సెక్షన్‌లో హెల్పర్ కుర్రాడూ వెళ్ళాం. పోల్ ఎక్కేటప్పుడు వాడు బుద్ధిగా పసుపు హెల్మెట్ పెట్టుకున్నాడు. ఎల్‌సీ, అంటే లైన్‌లో కరెంటు ఆపారని సబ్‌స్టేషన్ ఇచ్చే లైన్ క్లియర్, తీసుకోకుండా, హెల్మెట్ లేకుండా పోల్ ముట్టుకోనిచ్చేవాణ్ణి కాదు నేను. పని అయ్యాక కిందికి దిగి, చెమట తుడుచుకుని, హెల్మెట్ తీసి హ్యాండిల్‌కి తగిలించి సైకిలెక్కాడు. నేనేమీ అనలేదు. నా నెత్తి మీదా ఏమీ లేదు మరి. నేల మీదకి వచ్చేశాం, ఇంకేం భయం అనుకున్నాం ఇద్దరం.

రోడ్డు మీద సగం దాకా వడ్లు ఆరబోసి, మంచు పడకుండా పట్టా కప్పి, అది ఎగరకుండా అంచుల్లో రాళ్ళు పెట్టారు. నీకు తెలుసుగా, మన వైపు ఆ రోజుల్లో ఏ రోడ్డు చూసినా అంతే. వాడి ముందు చక్రం ఒక రాయికి తగిలింది. పెద్ద వేగం కూడా లేదు, మనిషి పక్కన పరుగెత్తితే అందుకునేంత. సైకిల్ పక్కకి ఒరిగింది, వాడి చెవి పై భాగం తారుకి కొట్టుకుంది. పసుపు హెల్మెట్ దొర్లుకుంటూ పోయి పట్టా దగ్గర ఆగింది.

వాడు వెంటనే లేచాడు, లుంగీ దులుపుకున్నాడు. "ఏం కాలేదన్నా" అని నవ్వాడు. సెంటర్‌లో టీ బడ్డీ ఇంకా మూయలేదు, ఇద్దరం టీ తాగాం. గ్లాసు కింద పెట్టి తలనొప్పి అన్నాడు. పావుగంటకి వాంతి చేసుకున్నాడు. ఆ తర్వాత మాట ముద్దగా వచ్చింది, కళ్ళు మూతలు పడ్డాయి. ఆ అర్ధరాత్రి కారు దొరకబుచ్చుకుని గుంటూరు తీసుకెళ్ళేసరికి మనిషి పిలిస్తే పలకడం లేదు. పుర్రెకీ మెదడు పై పొరకీ మధ్య రక్తం గడ్డ కట్టిందని ఆపరేషన్ చేశారు. కణత దగ్గర ఎముక పలచన, దాని లోపలి వైపే ఒక రక్తనాళం ఉంటుంది. ఎముక చిట్లి అది తెగితే రక్తం నెమ్మదిగా చేరుతుందట. అందుకే మనిషి మొదట బాగానే మాట్లాడతాడు, తర్వాత కుప్పకూలతాడు. బతికాడులే. కానీ తల పైకెత్తితే కళ్ళు తిరిగేవి, మళ్ళీ పోల్ ఎక్కలేకపోయాడు. సబ్‌స్టేషన్‌లో లాగ్ బుక్ రాసుకుంటూ రిటైరయ్యాడు.

ఇది చదివి, ఆ పసుపు టోపీ పెట్టుకుని ఉంటే ఏమీ అయ్యేది కాదా అని అడుగుతావు, నీ సంగతి నాకు తెలుసు. కచ్చితంగా చెప్పలేను. అది పై నుంచి పానా, బోల్టూ పడితే ఆపడానికి చేసింది, పక్క నుంచి తగిలే దెబ్బకి కాదు. సైకిల్ హెల్మెట్ తయారీయే వేరు. నీ దాన్ని తిప్పి లోపల చూడు. పైన పలచటి ప్లాస్టిక్ పెంకు, దాని కింద తెల్లగానో నల్లగానో మందంగా థర్మాకోల్. టీవీ డబ్బాలో వచ్చే దానికి గట్టి తమ్ముడు. పని చేసేదంతా అదే. పూర్వం కోడిగుడ్లని ఊక పోసిన బుట్టలో పెట్టి సంతకి తీసుకెళ్ళేవాళ్ళు. కుదుపంతా ఊక తీసుకునేది. ఇక్కడా అంతే, దెబ్బ తగిలినప్పుడు థర్మాకోల్ నలుగుతుంది. అది నలిగే ఆ కాస్త దూరంలో తల నెమ్మదిగా ఆగుతుంది. అది లేకపోతే తల ఉన్న చోటే టక్కున ఆగిపోతుంది, లోపల మెదడు ఆగదు.

ఇంకో లెక్క చెప్తాను. సైకిల్ మీద నీ తల నేలకి ఒకటిన్నర మీటర్ల ఎత్తులో ఉంటుంది. సిగ్నల్ దగ్గర ఆగి ఉండి, కాలు జారి చెట్టు కూలినట్టు పక్కకి పడినా, తల నేలకి తగిలేసరికి గంటకి దాదాపు 20 కిలోమీటర్ల వేగం వచ్చేస్తుంది. నువ్వు తొక్కిన వేగంతో దానికి సంబంధం లేదు. యూరప్ వాళ్ళ ఈఎన్ 1078 పరీక్షలో, హెల్మెట్‌లో తల నమూనా పెట్టి సుమారు ఆ ఎత్తు నుంచే ఇనప దిమ్మె మీదకి వదులుతారు. అంటే హెల్మెట్ చేసిందే ఇలా మామూలుగా పడినప్పటి కోసం. లారీ మనిషి మీదకి ఎక్కితే అది ఏం చేస్తుంది, పాపం! మెడనీ, మూతినీ కూడా కాపాడదు. అందుకే ట్రాఫిక్‌లో పెట్టుకుని ఖాళీ రోడ్డులో తీసేయడం నాకు తిరకాసుగా కనిపిస్తోంది. ఖాళీ రోడ్డులో కుక్క అడ్డం రాదా? వానకి తడిసిన తెల్ల గీత మీద చక్రం జారదా? డ్రైనేజీ జాలీ సందులో టైరు దిగబడదా?

అవుటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో తెరిచిన ఆ సోలార్ కప్పు సైకిల్ ట్రాక్ గురించి మీ నాన్న చెప్పాడు. 23 కిలోమీటర్లు, కార్లు రావు, చాలా బాగుందట. నాకూ వచ్చి తొక్కాలని ఉంది. అయితే కొండాపూర్ నుంచి అక్కడిదాకా రోడ్డు మీద పోవాల్సిందేగా. ట్రాక్ మీద కూడా ఎదురుగా వచ్చేవాడు ఫోన్ చూసుకుంటూ వస్తే పడేది ఇద్దరూ. నెదర్లాండ్స్‌లో ఎక్కువమంది హెల్మెట్ లేకుండానే తొక్కుతారని కూడా అన్నావట. నిజమే. అక్కడ సైకిళ్ళకి విడిగా దారులు వేసి, కార్లని నెమ్మది చేశారు. గచ్చిబౌలి అంత దూరం వచ్చాక మళ్ళీ మాట్లాడుకుందాం.

రేసుల వాళ్ళదీ ఒకప్పుడు నీ వాదనే. వేడి, బరువు, మా ఇష్టం అనేవాళ్ళు. 1991లో రేసులు నడిపే అంతర్జాతీయ సంఘం హెల్మెట్ తప్పనిసరి చేయబోతే రైడర్లు గొడవ చేసి ఆపించారు. 2003 మార్చిలో పారిస్–నీస్ రేసులో కజకిస్తాన్ రైడర్ ఆంద్రే కివిలెవ్ హెల్మెట్ లేకుండా పడి, మర్నాడు చనిపోయాడు. రెండు నెలలు తిరక్కుండా రూలు వచ్చింది. మన దగ్గర మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ మోటారు సైకిల్ వాళ్ళకే, సైకిల్‌కి కాదు. నిన్ను ఎవరూ ఆపరు, చలానా రాయరు. అందుకే నేను రాస్తున్నాను.

ఇప్పుడు జుట్టు సంగతి. దీన్ని నేను తేలిగ్గా తీసుకోవడం లేదు, మీ పెద్దమ్మని అడిగే రాస్తున్నాను. ముడి వేస్తే హెల్మెట్ ముందుకి తోసుకొస్తుంది, నుదుటి మీదకి దిగి కళ్ళకి అడ్డం పడుతుంది. ఎత్తుగా కట్టిన పోనీటెయిల్ కూడా అంతే. మెడ దగ్గర నుంచి వదులుగా జడ వేసుకో. క్లిప్పులు, జడపిన్నులు లోపల పెట్టకు, దెబ్బ తగిలితే గుచ్చుకునేవి అవే. చెమట పట్టకుండా పలచటి నూలు రుమాలు కట్టుకోవచ్చు, మందంగా మాత్రం వద్దు. ఆఫీసులో దువ్వెన ఒకటి పెట్టుకో. చున్నీని నడుముకి బిగించి కట్టు, చైన్‌లో పడుతుంది.

నీ హెల్మెట్ ఎక్కడ కొన్నావో నాకు తెలియదు. లోపల స్టిక్కర్ చూడు. ఈఎన్ 1078 అనో, అమెరికా వాళ్ళ సీపీఎస్‌సీ అనో ఉంటే మంచిది. ఏమీ లేకపోతే అది బొమ్మ హెల్మెట్ అనుకుని వేరేది కొను. పెట్టుకున్నాక ముందు అంచు కనుబొమ్మలకి రెండు వేళ్ళ పైన ఉండాలి. చాలామంది నెత్తి వెనక్కి నెట్టి పెట్టుకుంటారు, ఫోటోకి బాగుంటుంది గానీ నుదురంతా బయటే. చెవుల పక్క పట్టీలు రెండూ చెవి కింద కలవాలి. గడ్డం కింద బకిల్ వేశాక ఒక్క వేలు దూరేంత సందు చాలు. హెల్మెట్ వెనక ఉండే చిన్న బిగింపు చక్రం తిప్పి బిగించి, బకిల్ వేయకుండా తల అటూ ఇటూ ఊపు. హెల్మెట్ కదలకూడదు. అది కుదిరాకే బకిల్. బకిల్ వేయని హెల్మెట్ నీకంటే ముందే నేల మీద పడుతుంది. నేను చూసిన దొర్లుడు ఒకటి చాలు.

ఒకసారి దెబ్బ తిన్నాక పైకి గీత కూడా కనపడకపోయినా పక్కన పడేయ్. థర్మాకోల్ నలిగితే మళ్ళీ పొంగదు. "ఇంకో ఏడాది వస్తుందిలే" అనే మన ఇంటి అలవాటు ఇక్కడ మాత్రం వద్దు. పెట్రోలు, థిన్నరు పెట్టి తుడవకు, సబ్బు నీళ్ళు చాలు. ఎండలో కారు లోపల వదిలేయకు.

హెల్మెట్ ఉన్నా సరే, తలకి గట్టిగా తగిలితే ఆ రోజంతా ఒంటరిగా ఉండకు. తలనొప్పి పెరుగుతున్నా, వాంతి అయినా, మాట తడబడినా, మత్తుగా నిద్ర వస్తున్నా పడుకుంటే తగ్గుతుందనుకోవద్దు, 108కి ఫోన్ చేయించు. టీ తాగుతూ కూర్చోవద్దు. ఆ రాత్రి ఆ టీకి పోగొట్టిన అరగంట నాకు ఇప్పటికీ గుర్తుకొస్తుంది.

ఇక నా పని. నేనూ ఒకటి కొన్నాను, ఎరుపుది. పొద్దున పాల ప్యాకెట్టుకి వెళ్ళేటప్పుడు కూడా పెట్టుకుంటున్నా. వీధిలో పిల్లలు "తాతా, పోల్ ఎక్కుతున్నావా" అని వెక్కిరిస్తున్నారు. మీ పెద్దమ్మ కుట్టుపెట్టెలోని టేపు తీసి, కనుబొమ్మల పై నుంచి చుట్టూ కొలిస్తే నాది 58 సెంటీమీటర్లు వచ్చింది. నీది కూడా ఈ రాత్రి కొలిచి నాకు మెసేజ్ పెట్టు. స్టిక్కర్ లేనిదైతే దసరాకి వచ్చేలోపు నేనే ఒకటి కొని ఉంచుతాను. రంగు నువ్వే చెప్పు.

మీ పెదనాన్న