గంధకం కలిపితే మా పెరటి మట్టిలో బ్లూబెర్రీ బతుకుతుందా?

బతకదు. కిలో గంధకం పోసి చూసినవాడిగా చెబుతున్నాను.

మాది కడప జిల్లా ఎర్రగుంట్ల. ఊరి చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు ఎందుకు వెలిశాయో ఆలోచిస్తే మీ ప్రశ్నకు సగం జవాబు దొరుకుతుంది. కాళ్లకింద ఉన్నదంతా సున్నపురాయే. నాకు మాత్రం ఆ ఆలోచన రాలేదు. బ్లూబెర్రీకి పులుపు మట్టి కావాలి. ఆ పులుపును కొలిచేది పీహెచ్, అంకె ఎంత తగ్గితే పులుపు అంత ఎక్కువ. నర్సరీ అతను "గంధకం వేయండి సార్, పీహెచ్ ఐదుకు దిగుతుంది" అన్నాడు, నేను నమ్మాను. మూడు నెలలకు లేత ఆకులు పసుపు పచ్చగా మారి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగిలాయి. మట్టిలో ఇనుము ఉన్నా మొక్కకు అందడం లేదని దానర్థం.

ఆ రోజుల్లోనే ఒక ఆదివారం అమ్మ చిత్రాన్నానికి నిమ్మకాయలు పిండుతుంటే రసం కాస్త కడప బండ మీద ఒలికింది. తుడిచేసరికి నల్లటి నునుపు పోయి అక్కడ తెల్లటి మచ్చ మిగిలింది. "సున్నపు బండ మీద పులుపు పడితే ఊరుకుంటుందా?" అంది అమ్మ. నేను మిగిలిన నిమ్మచెక్క పట్టుకుని పెరట్లోకి పరిగెత్తాను. గుప్పెడు పొడిమట్టి మీద పిండితే సోడా పోసినట్టు బుసబుస పొంగింది! అంటే మట్టిలోనూ సున్నమే.

అప్పుడు కూర్చుని లెక్క వేశాను. రెండడుగుల గుంతలో సుమారు 300 కిలోల మట్టి పడుతుంది. అందులో నూటికి ఐదు పాళ్లు సున్నమున్నా 15 కిలోలు. దాన్ని విరవడానికే దాదాపు 5 కిలోల గంధకం కావాలి. అదీ వెంటనే పనిచేయదు, మట్టిలోని సూక్ష్మజీవులు నెలల తరబడి దాన్ని ఆమ్లంగా మార్చాలి. ఈలోగా మన బోరు నీళ్లు రోజూ కొత్త సున్నం తెచ్చి పోస్తుంటాయి. నీళ్లు కాచే గిన్నె అడుగున పేరుకునే తెల్లటి పొర చూశారుగా, అదే. కాఫీ పిప్పి వేయమని వీడియోలు చేసేవాళ్లను ఏమనాలో తెలియదు. పులుపంతా డికాక్షన్‌లోకి దిగాక పిప్పిలో ఏం మిగులుతుంది?

కాబట్టి నేలను వదిలేయండి. పెద్ద కుండీలో పీట్ మాస్ (కుళ్లిన నాచు, సహజంగానే పుల్లటిది), కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) కలిపి నింపండి, పెరటి మట్టి పిడికెడు కూడా వద్దు. రకం బిలోక్సి లాంటిది, చలి అంతగా అడగనిది కావాలి. ఎరువుగా అమ్మోనియం సల్ఫేట్ చిటికెడు చాలు. వాన నీళ్లు పట్టి పోయండి. అవి అయిపోతే బకెట్ బోరు నీళ్లలో చెంచాడు నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి, పీహెచ్ కాగితంతో ఐదున్నర దగ్గర ఉందో లేదో చూసుకోండి. ఎండాకాలం కుండీని నీడకు జరపకపోతే ఇంత చేసినా దండగే.

రెండో ఏడాది నాకు పదకొండు పండ్లు కాశాయి. ఒకటి నమిలి అమ్మ రేగుపండే నయమంది. ఆమెతో నేను వాదించలేదు.

మీది అనంతపురం వైపు ఎర్రనేల అయితే మట్టి పొంగకపోవచ్చు. ముందు ఒక నిమ్మకాయ పిండి చూడండి. పొంగకపోతే గంధకం సంగతి అప్పుడు మాట్లాడదాం, కానీ బోరు నీళ్ల సంగతి మాత్రం అక్కడా ఇదే.