మూడు నెలల పెట్టలకి గుడ్ల బుట్టెందుకురా!

చిన్నోడికి అత్తయ్య ఆశీస్సులు.

ఎనిమిది గ్రామప్రియ జాతి పెట్టలు తెచ్చావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఇంకా మూడు నెలలు నిండని వాటికి అప్పుడే గుడ్ల బుట్ట కూడా కొన్నావట. నవ్వాగలేదు. ఐదారు నెలలు వస్తే గానీ గుడ్డు పెట్టవురా. అందాకా లేయర్ మేత, అదే గుడ్లు పెట్టే కోళ్ల మేత, పెట్టకు. అందులో సున్నం ఎక్కువ, పిల్లకోళ్ల మూత్రపిండాలు పాడవుతాయి. ఎదిగే కోళ్లకి పెట్టే గ్రోయర్ మేత తెచ్చుకో. పుంజు లేదని బెంగ కూడా వద్దు. పుంజు లేకపోయినా గుడ్లు పెడతాయి, పొదిగితే పిల్లలు రావు, అంతే.

నేను అసలు ఈ ఉత్తరం రాస్తున్నది కొక్కెర తెగులు గురించి. నా మొదటి మంద, 23 కోళ్లు, దానికే పోయాయి. సంతలో ఒక నాటుపెట్ట నిగనిగలాడుతుంటే ముచ్చటపడి తెచ్చి, ఆ సాయంత్రమే గూట్లో కలిపేశాను. ఆరో రోజు ఒకటి ముడుచుకుని కూర్చుంది. తర్వాత పచ్చగా పారుకోవడం, నోరు తెరిచి ఎగశ్వాస, మెడ మెలితిరిగిపోవడం. వారం తిరిగేసరికి గూడు ఖాళీ. ఆ జబ్బు వచ్చాక మందు లేదు, రాకముందు టీకా ఒక్కటే.

అందుకని నీకు అమ్మినవాళ్లు ఏ టీకాలు వేశారో ముందు కనుక్కో. పిల్లలుగా ఉన్నప్పుడు కంట్లో చుక్క వేస్తారు, రెండు నెలలకు ఆర్‌టూబీ అని సూది వేస్తారు. అది పడిందో లేదో తెలియకపోతే పశువుల డాక్టర్‌ని అడుగు. బుడ్డి ఒకటి 100 కోళ్లకి వస్తుంది, నీవేమో ఎనిమిది. టీకా పొడిని దాని ద్రావణంలో కలిపాక గంటా రెండు గంటల్లో వాడెయ్యాలి, మిగిలింది పారబొయ్యడమే. ఇరుగుపొరుగు కోళ్లనీ అదే రోజు వేయించుకోమను. నీ టీకా ఖర్చూ తగ్గుతుంది, వాళ్ల కోళ్ల నుంచి జబ్బు వచ్చే భయమూ తగ్గుతుంది. టీకా బుడ్డిని ఐసులో పెట్టి తేవాలి సుమా, చొక్కా జేబులో కాదు. తెల్లారకముందు కోళ్లు గూట్లో ఉండగానే వేయిస్తే వాటి వెంట పరిగెత్తే పని ఉండదు.

గుడ్లు మొదలయ్యాక కోడికి రోజుకు 100 నుంచి 120 గ్రాముల లేయర్ మేత. వంటింట్లో నూకలు మిగిలాయని దోసెడేసి చల్లకు, కొవ్వు పట్టి గుడ్లు తగ్గిస్తాయి. గుడ్డు పెంకు పలచబడితే గుల్లపొడి విడిగా ఒక చిప్పలో పెట్టు, కావలసినంత అవే తింటాయి. ఎండాకాలం నీళ్లు మాత్రం రెండు పూటలా మార్చాలి.

గూడు తలుపు పొద్దుగూకగానే లెక్కపెట్టి వెయ్యి. ముంగిసకి చిన్న కన్నం చాలు. గూటి చెక్కల సందుల్లో గోమార్లు దాక్కుని రాత్రిళ్లు రక్తం పీలుస్తాయి, అప్పుడప్పుడు పగటిపూట టార్చి వేసి చూడు. పెరట్లో ఓ మూల ఇసక, బూడిద కలిపి పోస్తే అందులో పొర్లుతాయి. చూడ్డానికి భలే సరదా.

సంక్రాంతికి వచ్చేటప్పుడు మా పుంజొకటి తెస్తాను. అత్తయ్య తెచ్చింది కదా అని తిన్నగా గూట్లో వదిలెయ్యకు. దాన్నీ మూడు వారాలు పెరటి అవతల విడిగా గంప కిందే ఉంచు.

మీ అత్తయ్య