మీ ప్రశ్న – మా జవాబు: బ్యాండు దరువు, కవాతు అడుగు

ప్ర: ఆగస్టు 15 కవాతులో మా స్కూలు బ్యాండు ముందు నడుస్తుంది. దాని వెనకే ఉన్న పిల్లలు చక్కగా అడుగు కలుపుతారు. చివరి ప్లటూన్లకు వచ్చేసరికి అంతా కలగాపులగం. నేవీ కవాతులో ఇలా కనిపించదేం?
– పీఈటీ, గాజువాక

జ: పిల్లల్ని తిట్టకండి, తప్పు దూరానిది. మన ఎండలకు గాలిలో శబ్దం సెకనుకు సుమారు 350 మీటర్లు పోతుంది. తేజ్ చల్ (చురుగ్గా నడిచే కవాతు) అంటే నిమిషానికి 120 అడుగులు, అడుగుకు అర సెకను. బ్యాండుకు 90 మీటర్ల వెనకున్న పిల్లాడికి దరువు పావు సెకను ఆలస్యంగా చేరుతుంది. ముందువాడి మడమ నేలను తాకేసరికి వీడి కాలు ఇంకా గాల్లోనే ఉంటుంది. 175 మీటర్లయితే తేడా ఒక పూర్తి అడుగు. బాస్ డ్రమ్ము గట్టి దెబ్బకు వీడు ఎడమ కాలు వేస్తాడు, అదే క్షణాన ముందు వరుస కుడి కాలు వేస్తుంటుంది. చెవి చెప్పినట్టే నడిచాడు పాపం!

కాబట్టి పొడవాటి వరుసైతే బ్యాండును మధ్యలో నడిపించండి. లేదా సెల్యూట్ వేదికకు ఎదురుగా ఒకచోట నిలబెట్టండి, ప్రతి ప్లటూనూ దగ్గరికొచ్చాకే వేదికను దాటుతుంది. వెనకవాళ్లకు చెవి కన్నా కన్ను ముఖ్యం: దరువు కోసం చూడకుండా ముందున్నవాడి మడమతో కాలు కలపమనండి.

చాలామంది పట్టించుకోనిది ఇంకోటుంది. గ్రౌండుకు ఒక పక్క స్కూలు బిల్డింగు ఉంటుంది కదా. డ్రమ్ములు దానికి 40 మీటర్ల దూరంలో ఉంటే, గోడకు తగిలిన దరువు పావు సెకను తర్వాత తిరిగొస్తుంది. సరిగ్గా రెండు దెబ్బల మధ్య ఇంకో దొంగ దెబ్బ! బ్యాండును గోడకు ఆనుకున్నట్టే, వీపు అటు పెట్టి నిలబెడితే ఈ బాధ ఉండదు.

వేగం కూడా చూసుకోండి. స్టాప్‌వాచ్ పట్టి 30 సెకన్లు లెక్కపెడితే 60 అడుగులు రావాలి. చప్పట్లు వినబడగానే డ్రమ్ము కొట్టే పిల్లలు 63, 64కు లాగేస్తారు, చివరివాళ్లు పరిగెత్తాల్సొస్తుంది. 30 అంగుళాల అంగ పెద్దలకు పెట్టిన కొలత. ఏడో తరగతి పిల్లలకు అంగ తగ్గించండి, వేగం మాత్రం మార్చకండి.

ప్ర: నేవీకి యుద్ధనౌకలు కావాలి గానీ బ్యాండెందుకు?
– రిటైర్డ్ టీచర్, ఎంవీపీ కాలనీ

జ: తుపాకుల మోతలో గొంతు వినబడని రోజుల్లో డ్రమ్మూ బ్యూగిలే ఆజ్ఞలు. పొద్దుగూకితే దళాన్ని శిబిరానికి పిలిచిన డ్రమ్ము పిలుపే తర్వాత బీటింగ్ రిట్రీట్ అనే సాయంకాలపు బ్యాండు వేడుక అయింది. మన నేవీ బ్యాండు 1945లో మొదలైంది. తూర్పు నౌకాదళ కమాండ్ విశాఖలో 1968 మార్చి 1న ఏర్పడింది. 1971 యుద్ధంలో కరాచీ రేవు మీద జరిపిన దాడికి గుర్తుగా డిసెంబర్ 4న నేవీ డే చేస్తారు. ఆ రోజు ఆర్కే బీచ్‌లోని విక్టరీ ఎట్ సీ స్తూపం దగ్గర పుష్పగుచ్ఛాలు ఉంచాక గమనించండి: బ్యూగిల్ మీద అమరులకు వీడ్కోలు బాణీ లాస్ట్ పోస్ట్, మౌనం, మళ్లీ బ్యూగిల్. ఆ మౌనానికి రెండు గట్లూ బ్యూగిలే.

ఎవరికి ఏం వాయించాలో కూడా నియమమే. రాష్ట్రపతికి, తన రాష్ట్రంలోని అధికారిక కార్యక్రమంలో గవర్నరుకు జాతీయగీతం. ఉన్నతాధికారికి జనరల్ సెల్యూట్ బాణీ. పూర్తి జాతీయగీతం 52 సెకన్లు, కుదించినది సుమారు 20.

ప్ర: మాది పెళ్లిళ్ల బ్యాండు మేళం. బీచ్ ఫంక్షన్లలో ట్రంపెట్లు కీబోర్డుతో కలవవు, పిస్టన్లు పట్టేస్తాయి. ఏం చెయ్యాలి?
– కంచరపాలెం

జ: ఏసీ గదిలో శ్రుతి చేసి ఎండలోకి తెస్తే ఇత్తడి వాద్యాల శ్రుతి పెరుగుతుంది, కీబోర్డు మాత్రం ఉన్నచోటే ఉంటుంది. బయట పావుగంట వాయించి వేడెక్కాకే శ్రుతి చూసుకుని, ట్యూనింగ్ స్లైడు కొద్దిగా బయటికి లాగండి. క్లారినెట్‌కైతే బ్యారెల్ దగ్గర ఒక మిల్లీమీటరుతో మొదలుపెట్టండి. సముద్రపు గాలికి రీడు (నోట్లో పెట్టుకుని ఊదే పలచని పుల్ల) ఆరిపోతుంది, పాటల మధ్య దాన్ని తడిగా ఉంచుకోవాలి.

పిస్టన్లు (ట్రంపెట్ మీద వేళ్లతో నొక్కే మీటలు) పట్టేయడానికి ఉప్పు, ఇసుక, పాత నూనె మూడూ కారణమే. ఇంటికొచ్చాక పిస్టన్లు తీసి, గొట్టాన్ని గోరువెచ్చని నీళ్లతో కడగండి. మరిగే నీళ్లు పోస్తే ఇత్తడి మీది మెరుపు పూత (లాకర్) లేచిపోతుంది. ఆరాక ఒక్కో పిస్టనుకు మూడు నాలుగు చుక్కల వాల్వ్ ఆయిల్ చాలు. కొబ్బరినూనె మాత్రం వద్దు, చిక్కబడి జిగురవుతుంది. పిస్టన్ల మీద 1, 2, 3 అంకెలుంటాయి. తారుమారైతే గాలి పోదు, వాద్యం పాడైందనుకుని షాపుకు పరిగెడతారు. ఇంట్లో బిందెలు తోమినట్టు చింతపండు రుద్దకండి, దాని పులుపు పూతను తినేస్తుంది.

ప్ర: "శక్తి సహిత గణపతిం" వింటుంటే బ్యాండు బాణీలా ఉంటుంది. నిజమేనా?
– సంగీత విద్యార్థిని, ద్వారకానగర్

జ: మీ చెవి సరిగ్గానే పట్టింది. అది ముత్తుస్వామి దీక్షితుల నోట్టుస్వర సాహిత్యం, అంటే పాశ్చాత్య బాణీకి కట్టిన సంస్కృత పాట. మద్రాసు దగ్గర మణలిలో ఉన్న రోజుల్లో సెయింట్ జార్జ్ కోటలో ఆయన విన్న పాశ్చాత్య బాణీలే వీటికి మూలం. శంకరాభరణం రాగం స్వరాలే, గమకాలు (స్వరాన్ని ఊపి పలికించడం) ఉండవు. "సంతతం పాహిమాం" బాణీ ఏకంగా బ్రిటిష్ రాజగీతానిది. కోటలో వాళ్లు రాజును పొగుడుకున్నారు, దీక్షితులు అమ్మవారిని వేడుకున్నారు!

ప్ర: మా అమ్మాయి కీబోర్డు వాయిస్తుంది. నేవీ బ్యాండులో చేరవచ్చా?
– మల్కాపురం

జ: చేరవచ్చు. ఎంఆర్ (మెట్రిక్ రిక్రూట్) మ్యుజీషియన్ పేరుతో అగ్నివీర్ నోటిఫికేషన్ వస్తుంది. పదో తరగతి పాసైన అవివాహిత అమ్మాయిలూ దరఖాస్తు చేయవచ్చు. పరీక్షలో ఒక పూర్తి పాట పాడమంటారు. లయ, శ్రుతి చూస్తారు, తెలియని స్వరం వినిపించి వాద్యం మీద పట్టుకోమంటారు. చాలామంది జారేది ఇక్కడే. కీబోర్డు వాళ్లు చూపుతో వాయించడం అలవాటు చేసుకుంటారు. రోజూ పది నిమిషాలు మీరు వెనక నుంచి ఒక మీట నొక్కండి, అమ్మాయి చూడకుండా అదే స్వరం పాడి, తర్వాత వాయించాలి. 1.6 కిలోమీటర్ల పరుగు కూడా ఉంటుంది, దానికీ ఇప్పటి నుంచే బీచ్ రోడ్డు ఎక్కించండి.