కాలువల చెట్టును గీతలతో గీయడం ఎలా?

ప్రశ్న: ధవళేశ్వరం ఆనకట్ట నుంచి బయలుదేరే కాలువల జాబితాను పైథాన్‌లో పెట్టుకున్నాను. ఏది దేని కిందిదో చెట్టులా ప్రింటు చేయాలి. లోతును బట్టి నాలుగేసి ఖాళీలు వదిలితే బాగానే వస్తోంది. నిలువు గీతలు పెట్టేసరికి కొన్నిచోట్ల తెగిపోతున్నాయి, కొన్నిచోట్ల అక్కర్లేకుండా కిందిదాకా దిగుతున్నాయి.
– పాఠకుడు, భీమవరం

జవాబు: మీకు కావలసింది ఇది:

```
ధవళేశ్వరం
├── తూర్పు డెల్టా
│   ├── సామర్లకోట కాలువ
│   └── కాకినాడ కాలువ
├── మధ్య డెల్టా
│   ├── గన్నవరం కాలువ
│   └── అమలాపురం కాలువ
└── పశ్చిమ డెల్టా
    ├── ఏలూరు కాలువ
    └── నరసాపురం కాలువ
```

అమలాపురం కాలువ, నరసాపురం కాలువ ఒకే లోతులో ఉన్నాయి. అయినా మొదటిదానికి ఎడమన నిలువు గీత ఉంది, రెండోదానికి లేదు. మధ్య డెల్టా తర్వాత ఇంకొకటి రావలసి ఉంది, పశ్చిమ డెల్టా తర్వాత ఏమీ లేదు. కాబట్టి లోతు ఒక్కటే తెలిస్తే గీత వెయ్యాలో వద్దో తేలదు.

అందుకే ఫంక్షన్‌కు లోతు అంకెను కాక, అప్పటిదాకా తయారైన ఎడమ మార్జిన్‌ను స్ట్రింగ్‌గా (అక్షరాల వరుసగా) పంపండి. మూలం పేరును ఏ గుర్తూ లేకుండా ముందే ప్రింటు చేసెయ్యాలి. అక్కడ మార్జిన్ ఖాళీ స్ట్రింగ్. తర్వాత ప్రతి పిల్ల నోడ్‌కూ (నోడ్ అంటే చెట్టులోని ఒక్కో అంశం) మార్జిన్, కొమ్మ గుర్తు, పేరు, ఈ వరుసలో. చివరి పిల్లైతే ‘└── ’, కాకపోతే ‘├── ’. దాని కిందికి దిగేటప్పుడు, అది చివరిదైతే మార్జిన్‌కు నాలుగు ఖాళీలు చేర్చాలి. కాకపోతే ‘│’, దాని పక్కన మూడు ఖాళీలు. కొమ్మ గుర్తు కూడా చివరి ఖాళీతో కలిపి సరిగ్గా నాలుగు అక్షరాలే ఉండాలి. ఈ పొడవుల్లో తేడా వస్తే లోపలికి వెళ్లేకొద్దీ గీతలు పక్కకు జరుగుతాయి.

రెండు జాగ్రత్తలు. పిల్ల కోసం కలిపిన మార్జిన్‌ను విడి స్ట్రింగ్‌గానే పంపండి. లూపులోని మార్జిన్‌కే చేర్చుకుంటూ పోతే తర్వాతి తోబుట్టువుకూ అది అంటుకుని చెట్టు మెట్లుమెట్లుగా జరిగిపోతుంది. ఇక కొన్ని పేర్లు వదిలెయ్యాలనుకుంటే లూపు మొదలవకముందే వడపోసి లిస్టు చేసుకోండి. లూపు లోపల వదిలితే, చివరిదే ఎగిరిపోయినప్పుడు దాని పైవరుసలో ‘├’ కింద ఏమీ లేకుండా వేలాడుతుంది. ఎక్కువమంది ప్రోగ్రాముల్లో తప్పు దొరికేది ఇక్కడే.

ప్రశ్న: విండోస్ తెరమీద చక్కగా కనబడే చెట్టును ఫైల్లోకి మళ్లిస్తే ఎన్‌కోడింగ్ ఎర్రర్ వస్తోంది.
– పాఠకురాలు, కాకినాడ

జవాబు: పైథాన్ 3.6 నుంచి విండోస్ కన్సోల్‌కు నేరుగా యూనికోడే వెళుతుంది. ఫైల్లోకి మళ్లిస్తే మాత్రం సాధారణంగా సిస్టమ్ కోడ్ పేజీ (ఏ అక్షరానికి ఏ సంకేతమో చెప్పే పట్టిక) వాడుతుంది. అది 1252 అయితే అందులో ఈ గీతలూ లేవు, తెలుగు అక్షరాలూ లేవు. ఫైలును ప్రోగ్రాములోనే యూటీఎఫ్-8 అని చెప్పి తెరిచి రాయండి. గీతలకు బదులు ప్లస్, హైఫన్ వాడమని కొందరు చెబుతారు. దానివల్ల గీతల గొడవ తీరినా, పేర్లు తెలుగులో ఉన్నంతకాలం ఎర్రర్ పోదు.

ప్రశ్న: పేరు పక్కన ఆయకట్టు ఎకరాలు వేస్తే అంకెలు ఒక వరుసలో నిలవడం లేదు.
– పాఠకుడు, అమలాపురం

జవాబు: ‘కాలువ’ తెరమీద మూడక్షరాలు. పైథాన్ దీర్ఘాన్నీ కొమ్మునూ విడిగా లెక్కించి పొడవు 5 అంటుంది. దానికి తోడు తెలుగు అక్షరాల వెడల్పులు సమానం కావు. ఖాళీలు ఎన్ని నింపినా కుదరదు. అంకెలను ఎడమకు తెచ్చి, కుడికి ఆనించి, స్థిరమైన వెడల్పుతో మార్జిన్‌కు ముందే వెయ్యండి. గీతలన్నీ పేరుకు ముందే వస్తాయి కనుక చెట్టు చెదరదు.

ప్రశ్న: ప్రింటు ఆగకుండా సాగి, చివరికి రికర్షన్ ఎర్రర్‌తో పడిపోతోంది.
– పాఠకురాలు, ఏలూరు

జవాబు: ఫంక్షన్ తనను తానే పిలుచుకుంటూ ఎంత లోతుకు వెళ్లవచ్చో పైథాన్ పెట్టిన పరిమితి మామూలుగా 1000. దాన్ని పెంచకండి, కాలువల చెట్టు అంత లోతుండదు. ఎక్కడో ఒక నోడ్ తనకు తానే పూర్వీకుడైంది. పేరునే గుర్తింపుగా వాడితే ఇలా జరుగుతుంది: ‘1వ నంబరు బోదె’ ఎన్నో కాలువల కింద ఉంటుంది, అవన్నీ ఒకటే అయిపోతాయి. ప్రతిదానికీ విడి నంబరు ఇవ్వండి. మూలం నుంచి ఇప్పుడున్న నోడ్ దాకా వచ్చిన నంబర్లను ఒక సెట్‌లో ఉంచి, అందులో ఉన్నదే మళ్లీ ఎదురైతే పేరు పక్కన చుక్క గుర్తు పెట్టి, కిందికి దిగకుండా వెనక్కి రండి. ఒక నోడ్ పిల్లలన్నీ పూర్తయి వెనక్కి వచ్చేటప్పుడు ఆ నోడ్ నంబరును సెట్ నుంచి తీసెయ్యాలి. లేకపోతే రెండు కాలువల నుంచి న్యాయంగానే నీళ్లందుకునే బోదెను కూడా తప్పుగా గుర్తు పెడుతుంది.