మైండ్ మ్యాప్‌లు వేసినా గుర్తుండట్లేదంటే, ఎలా వేస్తున్నారో చూడండి

గ్రూప్-2 కోసం పాలిటీ, జాగ్రఫీ మైండ్ మ్యాప్‌లుగా వేసుకుంటున్నా వారం తిరిగేసరికి ఏమీ గుర్తుండట్లేదు, ఈ పద్ధతి మానేయాలా అని అడిగారు. మానేయక్కర్లేదండి. నేను గ్రూప్స్‌కి చదివిన రోజుల్లో నాకు బాగా పనికొచ్చింది బొమ్మలే. కాకపోతే అన్ని పాఠాలకూ ఒకే రకం బొమ్మ సరిపోదు.

మధ్యలో గుండ్రం గీసి చుట్టూ కొమ్మలు వేసే మైండ్ మ్యాప్‌లో అధ్యాయంలో ఏమేం ఉన్నాయో ఒక్క చూపులో కనిపిస్తాయి. బిల్లు చట్టమయ్యే క్రమం మాత్రం అందులో ఇమడదు. అక్కడ వరుస ముఖ్యం, దారి ఎక్కడ చీలుతుందో ముఖ్యం. దానికి పెట్టెలు, బాణాలతో అంచెలంచెలుగా సాగే ఫ్లోచార్ట్ వేయండి. ద్రవ్య బిల్లు తీసుకోండి: రాష్ట్రపతి సిఫారసుతో లోక్‌సభలోనే ప్రవేశం, ఆమోదం, తర్వాత రాజ్యసభకు 14 రోజులు. రాజ్యసభ సవరణలు సూచిస్తే లోక్‌సభ ఒప్పుకోవచ్చు, కాదనొచ్చు. గడువులోగా తిప్పి పంపకపోతే రెండు సభలూ ఆమోదించినట్టే. దాని పక్కనే సాధారణ బిల్లు దారి గీయండి. సభలు విభేదిస్తే 108వ అధికరణ కింద ఉమ్మడి సమావేశానికి వెళ్లే బాణం ఇక్కడ ఉంటుంది, ద్రవ్య బిల్లుకు ఉండదు, రాజ్యాంగ సవరణ బిల్లుకూ ఉండదు. బాణం లేని చోటు చూడగానే "ఎందుకు లేదు?" అని మీకే అనిపిస్తుంది. కొన్ని వాక్యాలిచ్చి ఏవి సరైనవో అడిగే స్టేట్‌మెంట్ ప్రశ్నల్లో తికమక పెట్టేది సరిగ్గా అక్కడే.

గోదావరికైతే అడ్డంగా ఒక గీత చాలు. త్ర్యంబకం నుంచి ధవళేశ్వరం దాకా గీసి, ఎడమ గట్టున కలిసేవి పైన, కుడి గట్టువి కింద వేయండి. కందకుర్తి దగ్గర మంజీర కింద నుంచి, కాళేశ్వరం దగ్గర ప్రాణహిత పై నుంచి, ఆ తర్వాత ఇంద్రావతి, కూనవరం దగ్గర శబరి కూడా పై నుంచే. ఉపనదుల క్రమం అడిగితే కళ్ల ముందు ఆ గీతే కదులుతుంది.

బాణం మీద మాట రాయడం మర్చిపోకండి. 1970ల్లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో జోసెఫ్ నోవాక్ బృందం రూపొందించిన కాన్సెప్ట్ మ్యాప్‌కు ప్రాణం ఇదే: రెండు పెట్టెలూ, మధ్య గీత మీద మాటా కలిపి చదివితే ఒక వాక్యం కావాలి. "లోక్‌సభ – స్పీకర్" అని ఊరికే గీత గీస్తే ఏమీ తెలియదు. గీత మీద "ద్రవ్య బిల్లా కాదా తేల్చేది" అని రాస్తే పాయింట్ మొత్తం అందులోకి వచ్చేస్తుంది.

ఇక మీకు గుర్తుండకపోవడానికి అసలు కారణం పుస్తకం తెరిచి పెట్టుకుని వేయడమేనని నా అనుమానం. 2011లో పర్డ్యూ విశ్వవిద్యాలయానికి చెందిన కార్పికే, బ్లంట్ 'సైన్స్' పత్రికలో ఒక ప్రయోగం ప్రచురించారు. పాఠం ఎదురుగా ఉంచుకుని కాన్సెప్ట్ మ్యాప్ వేసినవాళ్ల కంటే, పాఠం పక్కన పెట్టి గుర్తున్నది రాసినవాళ్లే వారం తర్వాత పెట్టిన పరీక్షలో బాగా చేశారు. కాబట్టి ఒకసారి చదవండి, పుస్తకం మూయండి, తెల్ల కాగితం మీద జ్ఞాపకం నుంచి గీయండి. తర్వాత పుస్తకం తెరిచి, వదిలేసినవి ఎర్ర పెన్నుతో చేర్చండి. రెండు మూడు రోజులాగి మళ్లీ కొత్త కాగితం తీసుకోండి. స్కెచ్ పెన్నులు, యాప్‌లు అక్కర్లేదు, రఫ్ కాగితాలు చాలు.

కమిటీల పేర్లు, సంవత్సరాలు లాంటి విడి విడి వాటికి బొమ్మలు వేస్తూ కూర్చోకండి. చిన్న చీటీకి ఒకవైపు ప్రశ్న, రెండోవైపు జవాబు రాసుకుంటే త్వరగా అయిపోతుంది.