ఏమీ వద్దని మాత్రం రాయకు

కావలి,
ఆదివారం రాత్రి

చిన్నమ్మీ,

మధ్యాహ్నం మీ నాయన ఫోన్ చేశాడు. నువ్వూ మీ ఆయనా ఇద్దరూ ఒప్పుకునే విడిపోతున్నారట, వచ్చే నెల నెల్లూరు కోర్టులో పిటిషన్ వేస్తారట. చెప్తూ చెప్తూ వాడి గొంతు పూడుకుపోయి ఫోన్ మీ అమ్మ చేతిలో పెట్టాడు. నాకు మాత్రం ఏడుపు రాలేదే. ఈ ఏడేళ్లూ నువ్వు పడింది నాకు తెలుసు. నోరు తెరిచి "ఇక చాలు" అన్నావని వినగానే నా గుండె నిబ్బరపడింది. ఎవరూ గెంటకుండా, ఎవరి చాటునా దాక్కోకుండా నీ అంతట నువ్వు తీర్మానం చేసుకున్నావు. నాకు గర్వంగా ఉంది తల్లీ.

ఆ తర్వాత మీ అమ్మ ఒక మాట అంది. "ఏమీ అడగదట వదినా, బయటపడితే చాలంటోంది." ఆ మాట విన్నప్పటి నుంచి నాకు ఒకటే టెన్షన్. అన్నం ముందు కూర్చుని లేచిపోయాను. అందుకే ఈ ఉత్తరం. ఫోన్లో అయితే నువ్వు "సరే అత్తా, సరే అత్తా" అని పెట్టేస్తావు.

తేలికవి ముందు చెప్పేస్తా. పెళ్లి నెల్లూరులోనే జరిగింది కాబట్టి కేసు ఇక్కడే వేయొచ్చు, హైదరాబాద్ తిరగక్కర్లేదు. పెళ్లి పత్రిక, ఫోటోలు, ఆధార్, పాప బర్త్ సర్టిఫికెట్ ఒక ఫైల్లో పెట్టుకో. ఇద్దరూ ఒప్పుకుని వేసే పిటిషన్‌కు కనీసం ఏడాది విడిగా ఉండి ఉండాలి. నువ్వు పోయినేడు వినాయక చవితికి ముందే వచ్చేశావు, కాబట్టి దానికి ఇబ్బంది లేదు. మొదటి పిటిషన్ వేశాక ఆరు నెలలు ఆగి మళ్లీ కోర్టుకు రమ్మంటారు. అన్ని విషయాలూ నిజంగా తేలిపోయి ఉంటే ఆ ఆరు నెలలు తగ్గించొచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ మాట పట్టుకుని తొందరపడొద్దు. ముందు తేలాల్సినవి తేలనీ.

ఇప్పుడు నా సంగతి విను. నీకు సగమే తెలుసు.

1991లో నా పంచాయితీ మా అత్తగారి ఊళ్లో రామాలయం అరుగు మీద జరిగింది. నా కొడుకు, మీ బావ, నా ఒళ్లో నిద్రపోతున్నాడు, వాడికి అప్పటికి రెండేళ్లు. పెద్దమనుషులు ఐదుగురు. స్టాంపు కాగితం మీద ఒకాయన మోకాలి మీద పలక పెట్టుకుని రాస్తున్నాడు. రాయడం అయ్యాక చదివాడు: "సొమ్ములన్నియు ముట్టినవి. ఇక మీదట మనోవర్తి గాని, మరే విధమైన హక్కులు దావాలు గాని లేవు." సొమ్ములు ఎక్కడ ముట్టాయి? నా 11 సవర్ల బంగారం మా అత్త బీరువాలో ఉంది. ఆడపడుచు పెళ్లికి పెట్టుకుందనీ, పెళ్లి కాగానే పంపిస్తామనీ అన్నారు. మా నాయన నా మొహంలోకి చూశాడు, నేను చెప్తే లేచి కొట్లాడేటట్టు. నేను చెప్పలేదు. "నాకు వాళ్ల పైసా కూడా వద్దు" అని అందరికీ వినపడేటట్టు అని సంతకం పెట్టేశా. పెట్టిన క్షణాన నేనే గెలిచాననిపించింది. తలెత్తుకుని బస్సెక్కా.

బంగారం రాలేదు. అడగడానికి పోయిన మా నాయనకు ఆ కాగితమే చూపించారు, ముట్టినట్టు మీ అమ్మాయే సంతకం పెట్టిందిగా అని. ఆయన ఇంటికొచ్చి పెరట్లో కాళ్లు కడుక్కుంటూ చాలాసేపు అక్కడే నిలబడిపోయాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది.

అప్పట్లో మేజిస్ట్రేటు కోర్టు ఇప్పించే భరణం, అదే మనోవర్తి, నెలకు 500 రూపాయలు దాటేది కాదు, 2001లో గానీ ఆ హద్దు తీసెయ్యలేదు. ఆ 500 కోసం దేబిరించాలా అనుకున్నా. జాకెట్టుకు 8 రూపాయలు నా కుట్టుకూలి. 500 అంటే 62 జాకెట్లు. ఈ లెక్క నేను అరుగు మీద వేసుకోలేదే చిన్నమ్మీ, మీ బావ స్కూలు ఫీజు కట్టే రోజున వేసుకున్నా, అర్ధరాత్రి మిషన్ ముందు కూర్చుని. నెల్లూరు రొట్టెల పండుగకు స్వర్ణాల చెరువులో మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి వాడి కోసం చదువు రొట్టె పట్టుకున్నది కూడా ఆ రోజుల్లోనే. కోరిక తీరితే రొట్టె తిరిగివ్వాలిగా, వాడు డిప్లొమా పాసయ్యాక ఇవ్వడానికి పోతే నువ్వూ నా వెంట వచ్చావు, పన్నెండేళ్లదానివి, పరికిణీ ఎత్తి పట్టుకుని. "అత్తా, నాకేం రొట్టె?" అని అడిగావు.

అసలు దెబ్బ 2003లో తెలిసింది. కోర్టు వాళ్లు ఊళ్లో న్యాయ సదస్సు పెడితే నేనూ వెళ్లి, ట్రంకుపెట్టెలోంచి ఆ కాగితం తీసి ఒక ఆడ లాయరుకు చూపించా. ఆమె రెండుసార్లు చదివి, "ఇది విడాకులు కాదమ్మా. మీ కులంలో అలాంటి ఆచారం ఎప్పట్నుంచో ఉందని రుజువు చేస్తే తప్ప స్టాంపు కాగితం మీద పెళ్లి రద్దు కాదు. నువ్వు ఇప్పటికీ ఆయన భార్యవే" అంది. పన్నెండేళ్లు! నాకు భరణం అడిగే హక్కు ఉంది, నా కొడుక్కీ ఉంది. బిడ్డ హక్కును తల్లి సంతకం పెట్టి వదిలెయ్యడానికి వీల్లేదని కూడా ఆమే చెప్పింది. మరి గడిచిన ఏళ్ల సంగతేమిటని అడిగా. అర్జీ పెట్టకుండా గడిచిపోయిన కాలానికి రాదంది. ఆ తర్వాత రెండేళ్లు తిరిగి అసలు డిక్రీ, అంటే కోర్టు విడాకుల తీర్పు, తెచ్చుకున్నాలే. కానీ పోయింది పోయింది. రోషం నాది, కాళ్లకు చెప్పుల్లేకుండా బడికి పోయింది వాడు.

నువ్వు చదువుకున్నదానివి, స్టాంపు కాగితం మోసంలో పడవు. కానీ "ఏమీ వద్దు" అనే మాట నాదే, అచ్చంగా నా నోట్లోదే. అది పిటిషన్‌లో ఎక్కితే కోర్టు ముద్రతో ఎక్కుతుంది. నీకని ఏం అడగాలో నీ ఇష్టం. పాపకని రావాల్సిన దాంట్లో మాత్రం తగ్గకు. స్కూలు ఫీజు, ఆస్పత్రి ఖర్చు, పై చదువు, ఏటా ఎంత పెరగాలి, అన్నీ అంకెలతో రాయించు. "తగిన విధంగా చూసుకొనును" అని రాస్తే ఒప్పుకోకు. ఐదేళ్లలోపు బిడ్డ మామూలుగా తల్లి దగ్గరే ఉండాలని 1956 చట్టంలోనే ఉంది. వాళ్ల నాన్న ఏ రోజుల్లో చూడొచ్చు, సెలవుల్లో ఎన్నాళ్లు ఉంచుకోవచ్చు అన్నది కూడా రాయించు. ఆయన్ని చూడకుండా చెయ్యొద్దే. మీ బావ పెళ్లిలో వాళ్ల నాన్న కుర్చీ ఖాళీగా ఉండటం నేను చూశా.

నీ బంగారం ఇద్దరి పేరున ఉన్న లాకర్లో ఉందటగా. పుట్టింటి వాళ్లు పెట్టినా, అత్తింటి వాళ్లు పెట్టినా, నీకని ఇచ్చింది నీదే. 1985లోనే సుప్రీంకోర్టు ఆ మాట స్పష్టంగా చెప్పింది. పెళ్లి ఆల్బం ముందు పెట్టుకుని ఒక్కో నగా జాబితా రాయి, బిల్లులుంటే జత చెయ్యి. చేతికి వచ్చి, తూకం వేసుకున్నాక "ముట్టింది" అని సంతకం పెట్టు. ఒక్క పూట ముందు కూడా పెట్టకు. ఈ ఒక్కదానికీ నా మీద ఒట్టు.

ఇంకోటి, ఫ్లాట్ లోను. అది ఇద్దరి పేరున ఉంది. ఫ్లాట్ ఆయనదే, ఈఎంఐ ఆయనే కడతాడు అని మీరిద్దరూ రాసుకోవచ్చు. బ్యాంకుకు ఆ కాగితంతో పనిలేదు. ఆయన రెండు నెలలు ఎగ్గొడితే ఫోన్ నీకే వస్తుంది, నీ సిబిల్ స్కోరే పడిపోతుంది. నీ పేరు తీసేసి లోను ఆయన ఒక్కడి పేరుకు మార్చినట్టు బ్యాంకు నుంచి కాగితం రావాలి, లేదా అమ్మి తీర్చెయ్యాలి. నీ జీతంలోంచి కట్టిన ఈఎంఐలకు స్టేట్‌మెంట్లు తీసి ఉంచు. మన దగ్గర పెళ్లయినంత మాత్రాన ఆస్తి సగం సగం కాదు. ఎవరి పేరున ఉంటే వాళ్లది, కట్టామని చూపించుకోగలిగితేనే మాట నిలబడుతుంది.

డబ్బు ఒప్పుకుంటే సగం మొదటి పిటిషన్ నాడు, సగం రెండోసారి జడ్జి ముందు, డీడీ రూపంలో ఇచ్చేటట్టు రాయించు. డిక్రీ అయ్యేలోపు ఎవరైనా మనసు మార్చుకుని ఒప్పుకోలు వెనక్కి తీసుకోవచ్చు. అది నీకూ ఉన్న హక్కే, గుర్తుంచుకో. నీ పీఎఫ్‌లో, ఎల్‌ఐసీలో నామినీగా ఇంకా ఆయన పేరే ఉంటుంది, డిక్రీ వచ్చినంత మాత్రాన అది దానంతట మారదు. పాప పేరు పెట్టు. మైనర్ కాబట్టి తన తరఫున డబ్బు అందుకునే మనిషి పేరు కూడా అడుగుతారు, మీ నాయన పేరు రాయి.

లాయరు ఫీజు ఎక్కువని వెనకాడొద్దు. ఆడవాళ్లకు సంపాదనతో నిమిత్తం లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అడగాలి, 15100కు ఫోన్ చేసినా చెప్తారు. ఆయన లాయరే నీ కాగితాలూ రాస్తాడంటే మాత్రం వద్దను. నీ తరఫున చదివే కన్ను ఒకటి ఉండాలి.

నాయన ఇంట్లో భారమవుతున్నానని ఏడ్చావట. పిచ్చిదానా! ఆ గదిలోనే నేను తొమ్మిదేళ్లు ఉన్నా, కిటికీ పక్కన నా మిషన్ ఉండేది. మీ నాయన ఒక్కరోజు మొహం చిట్లించలేదు. నిన్ను చూసి చిట్లిస్తాడా?

బుధవారం పొద్దున బస్సుకు వస్తున్నా. ఆయన పంపిన పిటిషన్ డ్రాఫ్ట్, లోను కాగితాలు, పెళ్లి ఆల్బం హాల్లో బల్ల మీద పెట్టి ఉంచు. నేను వచ్చి ప్రతి లైనూ చదివేదాకా పెన్ను ముట్టుకోకు. పాపకు సున్నుండలు చేస్తున్నా, నెయ్యి ఎక్కువేసి.

మీ అత్త