అరగంటలో ‘క్యాన్సర్ లేదు’ అన్నారు, నమ్మవచ్చా?

ప్రశ్న: మా అక్కకు 48 ఏళ్లు. ఎడమ రొమ్ములో గడ్డ ఉంది. మామోగ్రామ్‌లో బైరాడ్స్ 5 అని రాశారు. నెల్లూరులో సూదితో ముక్కలు తీసి, గాజు స్లైడు మీద అద్ది చూసి, అరగంటలో ‘క్యాన్సర్ కణాలు కనబడలేదు’ అన్నారు. అసలు రిపోర్టుకు వారం పడుతుందట. ఇక భయం లేనట్టేనా?
– ఒక సోదరి, కావలి

జవాబు: అప్పుడే నిశ్చింతగా ఉండొద్దమ్మా. బైరాడ్స్ 5 అంటే ఆ గడ్డ క్యాన్సర్ అయ్యే అవకాశం 95 శాతం, ఆపైన అని. స్లైడులో ఏమీ కనబడనంత మాత్రాన ఆ అనుమానం పోదు.

మీ అక్కకు చేసినది టచ్ ఇంప్రింట్. 14 గేజి సూదితో తీసిన సన్నటి ముక్కను స్లైడు మీద మెల్లగా దొర్లిస్తారు. పట్టు వదిలిన కణాలు గాజుకు అంటుకుంటాయి, వాటికి రంగు వేసి చూస్తారు. చాలా క్యాన్సర్లలో కణాలు తేలిగ్గా రాలతాయి. లోబ్యులర్ (పాలగ్రంథుల్లో పుట్టే) రకంలోనూ, నారలా గట్టిపడ్డ గడ్డల్లోనూ అవి కండలోనే ఇరుక్కుపోయి స్లైడుకు అంటవు. నెత్తురు ఎక్కువగా అంటినా కణాలు మరుగున పడతాయి. ఆల్కహాల్‌లో ముంచాల్సిన స్లైడు ముందే ఆరిపోతే కేంద్రకం వివరాలు చెదిరిపోతాయి. గట్టిగా రుద్దితే కణాలు నలగడమే కాదు, అసలు పరీక్షకు వెళ్లాల్సిన ముక్కా పాడవుతుంది.

సూది గడ్డలోకే వెళ్లిందా, ఇంకో ముక్క తీయాలా అని అక్కడికక్కడే తేల్చుకోవడానికి ఈ పరీక్ష ఎంతో పనికొస్తుంది. అనుభవమున్న పాథాలజిస్టు ‘క్యాన్సర్’ అంటే చాలావరకు నిజమే అవుతుంది. అయినా ఒక్క దాన్నే నమ్మి రొమ్ము తీయకూడదు. ఫైబ్రోఅడినోమా (క్యాన్సర్ కాని గడ్డ), పాలిచ్చే రొమ్ము కణాలు కూడా ఒక్కోసారి క్యాన్సర్‌లా కనిపిస్తాయి. పైగా, క్యాన్సర్ పాలనాళంలోనే ఉందా, బయటకు పాకిందా అన్నది కణాలను బట్టి తెలియదు.

ముక్కలు గంటలోపే 10 శాతం ఫార్మలిన్‌లో (ముక్క చెడకుండా ఉంచే ద్రవం) పడి, 6 నుంచి 72 గంటలు నానాలి. లేకపోతే మందులు నిర్ణయించే ఈఆర్, పీఆర్ (హార్మోన్ గ్రాహకాలు), హెర్2 (ఒక ప్రోటీన్) పరీక్షలు తప్పుతాయి. ఈ సంగతి ల్యాబులో అడగండి.

వారం తర్వాత రిపోర్టులోనూ ‘క్యాన్సర్ లేదు’ అని వస్తే, ‘ఆరు నెలలకు రండి’ అన్నా ఒప్పుకోవద్దు. మామోగ్రామ్‌తో ఎందుకు కలవలేదో సర్జన్‌ను, రేడియాలజిస్టును అడిగి, స్కానింగ్‌లో చూస్తూ మళ్లీ బయాప్సీ చేయించండి, లేదా గడ్డనే తీయించి పరీక్షకు పంపండి. సూది గుచ్చితే క్యాన్సర్ పాకుతుందన్న భయంతో ఆగొద్దు. వేరే డాక్టర్‌కు చూపించాలనుకుంటే రిపోర్టు కాగితమే కాదు, స్లైడ్లు, ముక్కలను భద్రపరిచిన మైనపు బ్లాకులు, మామోగ్రామ్ ఫిల్ములు కూడా అడిగి తీసుకెళ్లండి.